దమ్ముకు రాసే సంకేతం: బొగ్గు గనుల నేపథ్యంలో ఒక పరిశీలన

సింగరేణి ప్రాంత వ్యవహారంలో గని ‘బాయి’, ఆయాసం ‘దమ్ము’. రామకృష్ణాపూర్ వంటి కార్మికవాడలో దమ్ముతో వచ్చిన వ్యక్తి చికిత్స బిల్లుపై రాసే వ్యాధి సంకేతం అతని పనిచరిత్రను నిలపగలదు, చెరపగలదు కూడా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తొమ్మిదవ వ్యాధి వర్గీకరణలో బొగ్గు కార్మికుల న్యుమోకోనియోసిస్‌కు 500, దీర్ఘకాలిక శ్వాసనాళ అవరోధానికి 496 సంకేతాలు ఉండేవి. 1990లో ఆమోదం పొందిన పదవ వర్గీకరణలో అవి జె60, జె44గా మారాయి. సిలికా దుమ్ము వల్ల వచ్చే జబ్బు జె62. దుమ్ము జబ్బుకు క్షయ తోడైతే జె65. కనుక బొగ్గు నింపినవాడా, రాయి తొలిచినవాడా అన్నది వైద్యుడు అడగవలసిన ప్రశ్నే. ఎక్స్‌రే ఒక్కటే దానికి జవాబు చెప్పదు.

జె44 పొగతాగేవారికీ వర్తిస్తుంది. అందులో బాయి కనిపించదు. జె60 నుంచి జె70 వరకు ఉన్న, బయటి పదార్థాల వల్ల కలిగే జబ్బులను జె44లో చేర్చరాదని వర్గీకరణే చెబుతుంది. అయినా సులువుగా కలానికి వచ్చేది జె44 కావడంలో వింతలేదు. దానికి రోగి పని వివరం అక్కరలేదు.

సంకేతం దానంతటది చట్టపరమైన నోటీసు కాదు. అయితే 2025 వరకు అమలులో ఉన్న 1952 నాటి గనుల చట్టం 25వ సెక్షన్ ప్రకారం, ప్రకటిత వృత్తివ్యాధి ఉన్నట్లు భావించిన వైద్యుడు గనుల ప్రధాన తనిఖీ అధికారికి రాతపూర్వకంగా తెలపవలసి ఉండేది. ఆ నిబంధన అప్పటికి గనిలో ఉన్నవారికే పరిమితం కాలేదు, అంతకుముందు పనిచేసినవారికీ వర్తించేది. దుమ్ము జబ్బు చాలాసార్లు బయటపడేది బాయి దిగడం మానేసిన తర్వాతే.