పందెము నుండి పాఠమునకు: ప్రోగ్రామింగు పోటీల కథ

సికింద్రాబాదు రైలు స్టేషనుకు చేరువలోనున్న రెజిమెంటల్ బజార్ పుట్టుక దాని పేరులోనే తెలియుచున్నది. 1798లో నిజామునకును ఈస్టిండియా కంపెనీకిని జరిగిన సంధి తరువాత హుస్సేన్‌సాగరమునకు ఉత్తరముగా కంపెనీ సైన్యము విడిది చేసినది. 1806లో ఆ విడిదికి సికందర్ జా పేరు మీదుగా సికింద్రాబాదు అను నామము స్థిరపడినది. దండు దిగినచోట అంగళ్లు వెలయుట లోకసహజము. పటాలముల అక్కరలు తీర్చుటకు వెలసిన బజారులలో ఇది యొకటి. 1874లో వాడి నుండి ఇనుపదారి వచ్చిన పిదప, దండు బజారు ప్రయాణికుల బజారు కూడ అయినది. సరకుల లెక్క, జీతముల లెక్క, టిక్కెట్ల లెక్క - ఈ పేట ఆదినుండి లెక్కలమీద బ్రతికిన పేట.

ఆ లెక్కలు చేతిపుస్తకములనుండి యంత్రములలోనికి వెళ్లిన కథలో కూడ సికింద్రాబాదుకు వంతు ఉన్నది. ఒకప్పుడు రైలు రిజర్వేషను అనగా బండికొక పుస్తకము, తేదీకొక పుట. గుమాస్తా పుటలు తిప్పుచుండగా జనము బారులు తీరి నిలుచుండెడివారు. తిరుగు ప్రయాణమునకు బెర్తు కావలెనన్న, ఆ ఊరికి తంతి పంపి జవాబునకై ఎదురుచూడవలసి వచ్చెడిది. 1980ల దశకము నడుమ ఢిల్లీలో మొదలైన ఇంప్రెస్ అను కంప్యూటరు రిజర్వేషను పద్ధతిని రూపొందించినది సి.ఎం.సి. అను ప్రభుత్వ సంస్థ. దాని పరిశోధన విభాగము మన సికింద్రాబాదులో సరోజినీదేవి రోడ్డుమీద ఉండెడిది. తరువాత వచ్చిన కాన్సర్ట్ అను పద్ధతి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు కేంద్రములను ఐదింటిని కలిపి 1999 ఏప్రిల్‌లో పూర్తిగా అమలునకు వచ్చినది. ఒకే బెర్తును ఇద్దరికి అమ్మరాదు. ఎన్నో ఊళ్ల కిటికీలనుండి ఒక్కసారి వచ్చు ప్రశ్నలకు క్షణములో జవాబు చెప్పవలెను. తప్పునకు తావులేదు, ఆలస్యమునకు వ్యవధి లేదు.

ఈ రెండు నిబంధనలనే ఆటగా మలచి, ఆటను విశ్వవిద్యాలయ పాఠముగా దిద్దిన వింత యొకటి గడచిన అర్ధశతాబ్దములో జరిగినది. దానిని పోటీ ప్రోగ్రామింగు అని వ్యవహరించుచున్నారు. దాని చరిత్రను సంగ్రహముగా శ్రోతలకు మనవి చేయుట మా ఉద్దేశము.

1970లో అమెరికాలోని టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయములో విద్యార్థులకు ఒక ప్రోగ్రామింగు పందెము పెట్టినారు. ఇతర విశ్వవిద్యాలయములు చేరగా అది పెరిగి, 1977 నాటికి తుది పోటీతో కూడిన పెద్ద వేడుక అయినది. నేడు ఐ.సి.పి.సి. అను పొడి అక్షరములతో ప్రపంచమంతట తెలిసిన పోటీ అదియే. దాని నియమములు సులభము. జట్టునకు ముగ్గురు విద్యార్థులు, ముగ్గురికి కలిపి ఒకటే కంప్యూటరు, ఐదు గంటల కాలము, ఇంచుమించు పది పన్నెండు సమస్యలు. జవాబు వ్రాసి పంపగా, తీర్పరి యంత్రము రహస్యముగా నుంచుకొన్న ఉదాహరణలపై దానిని నడిపి చూచును. అన్నింటికిని సరియైన ఫలితము, విధించిన కాలములో వచ్చినచో సమస్య సాధించినట్లు. ఒక్కటి తప్పినను లేనట్లే. సాధించిన సమస్యకు ముందు పంపిన ప్రతి తప్పు జవాబునకు ఇరువది నిమిషముల శిక్ష. సాధించిన ప్రతి సమస్యకు జట్టు బల్లవద్ద ఒక రంగు బుడగ ఎగురును. పాఠశాల బాలబాలికల కొరకు ఇటువంటి అంతర్జాతీయ ఒలింపియాడు 1989లో బల్గేరియాలోని ప్రావెట్స్‌లో మొదలైనది.

ఈ విద్యలోని రుచి తెలియుటకు చిన్న ఉదాహరణము చెప్పెదము. ఒక లక్ష టిక్కెట్లున్నవి. ఒక్కొక్కదానిపై ధర ఉన్నది. అందులో ఏ రెండు టిక్కెట్ల ధరలు కలిపిన సరిగా వేయి రూపాయలగునో కనుగొనవలెను. తోచినరీతిని ప్రతి టిక్కెట్టును మిగిలిన ప్రతిదానితో జతపరచి చూచినచో ఇంచుమించు 500 కోట్ల జతలగును. క్షణమునకు పదికోట్ల జతలు చూడగల యంత్రమునకైనను ఏబది క్షణములు పట్టును. తీర్పరి ఇచ్చిన గడువు ఒకటి రెండు క్షణములు మాత్రమే. ఇప్పుడు ధరలను తక్కువనుండి ఎక్కువకు వరుసగా పేర్చుదము. మంచి పద్ధతిలో పేర్చుటకు సుమారు 17 లక్షల పోలికలు చాలును. ఒక వ్రేలు అతి తక్కువ ధరపై, ఒక వ్రేలు అతి ఎక్కువ ధరపై ఉంచి కూడవలెను. మొత్తము వేయికి మించినచో ఎక్కువ ధరపైనున్న వ్రేలిని ఒక మెట్టు దించవలెను. తగ్గినచో తక్కువ ధరపైనున్న వ్రేలిని ఒక మెట్టు పెంచవలెను. వ్రేళ్లు రెండును కలియులోపల, అనగా లక్ష మెట్లలో, జవాబు తేలును. యంత్రము మారలేదు; ఆలోచన మారినది. 500 కోట్లకును 18 లక్షలకును గల అంతరమే ఈ పాఠము సారము.

రెజిమెంటల్ బజార్ నుండి చార్మినారుకు దగ్గరి దారి యేది అను ప్రశ్న కూడ ఈ పాఠములో నిత్యము వచ్చునదే. దానికి నేటికిని వాడుకలోనున్న పద్ధతిని హాలండు దేశీయుడగు డైక్‌స్ట్రా 1956లో ఒక కాఫీ దుకాణములో కూర్చుండి, కాగితము కలము లేకుండ, ఇరువది నిమిషములలో ఊహించినాడు, 1959లో ప్రకటించినాడు. పోటీలు పుట్టకముందే పోటీ స్వభావముగల మనస్సులు ఉన్నవనుటకు ఇది నిదర్శనము.

తెలుగువారికి ఈ స్వభావము క్రొత్తది కాదు. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు చుట్టు కూర్చుందురు. ఒకరు సమస్య నిత్తురు. ఒకరు నాలుగు పదములిచ్చి వానితో పద్యము చెప్పుమందురు. నిషిద్ధాక్షరి యిచ్చువారు అక్షరమక్షరమునకు అడ్డుకట్ట వేయుదురు. అప్రస్తుత ప్రసంగి ధ్యానము చెడగొట్టును. ఛందస్సు తప్పరాదు, ధారణ చెడరాదు, సభ వేచియుండదు. తిరుపతి వేంకట కవులు ఊరూర ఈ విద్యను ప్రదర్శించినపుడు జనము విరగబడి చూచినది నిబంధనల నడుమ వికసించు బుద్ధినే. ఐతే ఒక భేదమున్నది. అవధాని పద్యమును రసజ్ఞుడు మెచ్చుకొనవచ్చును, పెదవి విరువవచ్చును. తీర్పరి యంత్రమునకు రసము తెలియదు. అవును, కాదు అను రెండు మాటలే దానికి వచ్చును.

పందెము పాఠమైనది ఎట్లు? మొదట జట్టులను తరిఫీదు చేయుటకు ఆచార్యులు సాయంకాలములలో విద్యార్థులను కూర్చుండబెట్టుకొనెడివారు. 1990ల దశకము నడుమ స్పెయిను దేశములోని వయ్యదోలిద్ విశ్వవిద్యాలయములో ఒక తీర్పరి యంత్రమును నెలకొల్పి, పిదప దానిని ప్రపంచమునకంతటికిని తెరచినారు. అమెరికా ఆచార్యుడు స్కియెనాయు, ఆ యంత్రమును నడిపిన రెవియ్యాయు కలిసి 2003లో పోటీ సమస్యలపై ఒక పాఠ్యగ్రంథము వెలువరించినారు. సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయములో స్టీవెన్ హాలిమ్ పోటీ ప్రోగ్రామింగునే పూర్తి పాఠ్యాంశముగా బోధించి, ఆ అనుభవముతో తన సోదరునితో కూడి గ్రంథము వ్రాసినాడు. మన దేశములో గాంధీనగర్ ఐ.ఐ.టి. ఆచార్యులు ఈ విషయమును ఎన్.పి.టి.ఇ.ఎల్. ద్వారా ఇంటింటికి చేరునట్లు బోధించినారు. మన ఇంజనీరింగు కళాశాలలు కొన్ని కూడ దీనిని పాఠ్యప్రణాళికలో చేర్చినవి.

మన ప్రాంతమునకు దీనికి పునాది లేకపోలేదు. 1967లో హైదరాబాదులో నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లోనే టి.డి.సి.-12 అను కంప్యూటరును వెలువరించినది. 1998లో స్థాపితమైన ఐ.ఐ.ఐ.టి. హైదరాబాదు విద్యార్థులు ఐ.సి.పి.సి. తుది పోటీలకు పలుమార్లు వెళ్లినారు. నాటి విద్యార్థి అట్టముక్కలపై రంధ్రములు పొడిపించి, యంత్రము వంతు వచ్చువరకు వేచి, ఒక్క చుక్క తప్పినదని తెలిసికొని మరల మొదటికి వచ్చెడివాడు. నేటి విద్యార్థికి 2009లో మన దేశమున ఆరంభమైన కోడ్‌షెఫ్, 2010లో రష్యాలో ఆరంభమైన కోడ్‌ఫోర్సెస్ వంటి తీర్పరులు ఉచితముగా, అర్ధరాత్రియైనను, క్షణములో తీర్పు చెప్పుచున్నవి.

ఐనను ఈ పాఠమును గూర్చి మూడు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. వానిని త్రోసిపుచ్చుట న్యాయము కాదు.

మొదటిది: ఐదు గంటలలో వ్రాసి పారవేయు ప్రోగ్రాముకు, ఇరువదియేండ్లు నిలువవలసిన ప్రోగ్రాముకు పోలిక యెక్కడిది? ఇది నిజమే. రిజర్వేషను వంటి వ్యవస్థను పలువురు చదివి, దిద్ది, కాపాడవలెను. పందెములో పేర్లు కుదించి వ్రాయు అలవాటు అక్కడ చేటు తెచ్చును. కనుక ఈ పాఠము ఇతర పాఠములకు తోడు కావలెనేకాని, వాని స్థానమును ఆక్రమింపరాదు. వ్యాయామశాలలో బరువెత్తినవాడు ఇల్లు కట్టలేడు. కాని బలములేనివాడు అసలే కట్టలేడు.

రెండవది మాకు మరింత ముఖ్యముగా తోచుచున్నది. ఐ.సి.పి.సి. సమస్యలు ఆంగ్లములోనే ఉండును. తెలుగు మాధ్యమమున చదివి వచ్చిన విద్యార్థి లెక్కవద్దకు చేరులోపలనే వాక్యమువద్ద ఆగిపోవుచున్నాడు. అతని ఓటమి బుద్ధి ఓటమి కాదు. పాఠశాల ఒలింపియాడులో ఈ చిక్కును ఏనాడో గుర్తించినారు. అక్కడ ప్రతి దేశపు నాయకులును పోటీకి ముందు సమస్యలను తమ భాషలోనికి మార్చి తమ పిల్లలకు ఇచ్చుకొనవచ్చును. మనకు ఇంతకన్న పాత మార్గదర్శి యున్నాడు. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు చేసినాడు. లెక్క తెలుగులోనికి వచ్చినంతమాత్రమున దాని పదును తగ్గలేదు. విశ్వవిద్యాలయములు మొదటి నాలుగైదు వారముల సమస్యలనైనను తెలుగున ముద్రించి యిచ్చినచో, ఆంగ్లము తరువాత నేర్చుకొనవచ్చును. ధైర్యము మాత్రము మొదటనే కావలెను.

మూడవది ఇటీవలిది. 2025లో బాకు నగరమున జరిగిన ఐ.సి.పి.సి. తుది పోటీలో సెయింట్ పీటర్స్‌బర్గు జట్టు 12 సమస్యలలో 11 సాధించి ప్రథమస్థానము పొందినది. అవే సమస్యలను ఓపెన్ఏఐ వారి యంత్రమేధ పన్నెండింటికి పన్నెండు, గూగులు వారిది పది సాధించినవి. యంత్రమే సాధించుచుండగా మనిషికి ఈ శ్రమ యెందుకని అడుగువారు కలరు. ఉద్యోగపు వడపోత కొరకు మాత్రమే చదివినవానికి ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. యంత్రము తెచ్చియిచ్చిన జవాబు సరియైనదా, కాదా, ఏ ఉదాహరణమున కూలును, ఎంతకాలము పట్టును అని నిలదీయవలసినది మనిషియే. నిలదీయుటకు తానొకనాడు ఆ దారి నడచియుండవలెను. తప్పును తనంతట వెదకి పట్టుకొనిన అనుభవము ఒకరు చేసిపెట్టిన జవాబును చదువుటవలన రాదు.

అందుచేత ఈ పాఠమును తీసికొనదలచు విద్యార్థులకు మేము చెప్పునది యింతే. ర్యాంకు కొరకు తొందరపడకుడు. ముగ్గురు కూర్చుండి, ఒక్క యంత్రముతో, ఒకరి తప్పును ఒకరు మెత్తగా చూపుకొనుట అభ్యసింపుడు. కాదనిన తీర్పు వచ్చినపుడు మరల వెంటనే పంపక, పదినిమిషములు కాగితముపై చిన్న ఉదాహరణము వేసి చూడుడు. ఓడిన సమస్యను పోటీ ముగిసిన మరునాడు తప్పక పూర్తిచేయుడు. బుడగ ఆ సాయంకాలమునకే వాడిపోవును. మరునాడు ఒంటరిగా సాధించిన సమస్య మాత్రము జీవితకాలము తోడుండును.