కుర్చీల ఊరు నేర్పిన పాఠం: చెక్క దుమ్ము చరిత్ర

ఇంగ్లండ్‌లో బకింగ్‌హామ్‌షైర్‌లోని హై వికమ్ కుర్చీలకు పేరుపడ్డ ఊరు. చుట్టూ చిల్టర్న్ కొండల మీద బీచ్ చెట్ల అడవులుండటంతో ఊరి బతుకంతా విండ్సర్ కుర్చీ మీదే నడిచింది. 1870ల నాటికి అక్కడ రోజుకు నాలుగు వేలకు పైగా కుర్చీలు తయారయ్యేవని అంచనా. చెక్క దుమ్ము మనిషి ప్రాణం తీయగలదని వైద్యలోకం నమ్మింది ఈ ఊరిని చూశాకే.

మొదట్లో దుమ్ము అంత బెడద కాదు. బాడ్జర్లనే పనివాళ్లు అడవిలోనే పచ్చి బీచ్ కొయ్యను చీల్చి, కాలితో తొక్కే తరిమెన మీద కుర్చీ కాళ్లు తీసేవారు. పచ్చి కొయ్య పొట్టు తడిగా, చుట్టలు చుట్టలుగా కింద రాలుతుందే గానీ గాలిలోకి లేవదు. కూర్చునే పీటకు ఎల్మ్ పలకను బాడిసతో గుంట చెక్కేవారు. అదీ పెళ్లలుగా ఊడేదే.

ఆవిరి రంపాలు, వాటి వెనక కరెంటు మోటార్లు, ఉప్పుకాగితపు పట్టీ గిరగిరా తిరిగే సాండింగ్ యంత్రాలు వచ్చాక లెక్క మారింది. ఎండిన గట్టి కొయ్యను యంత్రం అరగదీస్తే రేగేది పొట్టు కాదు, పిండి. అది గంటలకొద్దీ గాలిలో తేలుతూ ఊపిరితో ముక్కులోకి చేరుతుంది.

1960లలో అక్కడి చెవి, ముక్కు, గొంతు సర్జన్ ఎస్మే హ్యాడ్‌ఫీల్డ్ దగ్గరికి వచ్చిన ముక్కు క్యాన్సర్ రోగుల్లో ఫర్నిచర్ పనివాళ్లు లెక్కకు మించి కనిపించారు. జబ్బు ఎడినోకార్సినోమా, మామూలు జనంలో మహా అరుదు. కళ్ల మధ్య, ముక్కు పైభాగాన ఉండే గాలి గదుల్లో పుడుతుంది. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన డొనాల్డ్ ఎచిసన్ తదితరులతో కలిసి ఆమె లెక్క తేల్చారు. 1968లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన వారి వ్యాసం ప్రకారం ఫర్నిచర్ పనివాళ్లలో ఏటా వెయ్యికి 0.7 మందికి ఈ జబ్బు వస్తోంది. చూడటానికి చిన్న అంకే, కానీ మామూలు జనంతో పోలిస్తే వందల రెట్లు. వార్నిష్, పాలిష్ మీదికే ముందు అనుమానం పోవాలి. కానీ జబ్బు పడ్డది పాలిష్ పనివాళ్లు కాదు. కొయ్య కోసి, అరగదీసినవాళ్లు. దుమ్ములో పని మొదలుపెట్టిన సుమారు నలభై ఏళ్లకు గానీ జబ్బు బయటపడదు. అన్నాళ్లూ ఎవరి కంటా పడకపోవడానికి కారణం అదే.

1969లో బ్రిటన్ దీన్ని పరిహారమివ్వాల్సిన వృత్తిరోగాల జాబితాలో చేర్చింది. 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క దుమ్మును మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థంగా ప్రకటించింది. ఐరోపా సమాజం 1999లో ఘనపు మీటరు గాలిలో గట్టి కొయ్య దుమ్ము 5 మిల్లీగ్రాములు మించరాదంది. ఆ హద్దు 2023 జనవరి నుంచి 2 మిల్లీగ్రాములకు దిగింది. దుమ్ముకు మంట ముప్పు కూడా ఉంది. 2015లో ఇంగ్లండ్‌లోనే చెషైర్‌లోని బోస్లీ చెక్కపిండి మిల్లు పేలి నలుగురు చనిపోయారు.

దుమ్మును అదుపు చేసే ఉపాయం మాత్రం ఈ పరిశోధనలకంటే పాతది. భారతదేశపు 1948 ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్, దుమ్మును పీల్చే ఏర్పాటు అవసరమైతే దాన్ని దుమ్ము పుట్టేచోటికి వీలైనంత దగ్గరగా పెట్టమంది. అంటే రంపం పక్కనే, సాండర్ మూతి దగ్గరే గొట్టం ఉండాలి. గోడకు ఫ్యాను బిగిస్తే దుమ్ము మనిషి ముఖం మీదుగా పోతుంది. చీపురుతో ఊడ్చినా, గాలిపంపుతో ఊదినా కిందపడ్డది మళ్లీ లేస్తుంది. వాక్యూమ్‌తో తీయాలి, లేదా తడిపి ఊడ్చాలి. మాస్కు వీటికి తోడే గాని బదులు కాదు. అయితే ఆ చట్టం కరెంటుతో నడిచేచోట కనీసం పదిమంది పనిచేస్తేనే వర్తించేలా రాశారు. నలుగురైదుగురితో నడిచే వడ్రంగి షెడ్లు అలా దాని పరిధిలోకే రాలేదు.