అర్హత తేల్చే పెత్తనం

అమెరికాలో బట్టల చాటున తుపాకీ పెట్టుకు తిరిగే లైసెన్సు చరిత్రను మామూలుగా ఒకే తీరున చెబుతారు: ఒకప్పుడు షరతులు కఠినం, రానురాను సడలాయి అని. ఆ షరతులు తీరాయో లేదో తేల్చే పెత్తనం ఎవరిదో ఈ కథలో ఎక్కడా కనబడదు.

కెంటకీ 1813లోనే దాచిన ఆయుధాలను నిషేధించింది. మరికొన్ని దక్షిణాది రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. అప్పటికి లైసెన్సు ఊసే లేదు.

ఫ్లోరిడా 1893 చట్టం దగ్గర కాస్త ఆగాలి. రిపీటింగ్ రైఫిల్ పట్టుకు తిరగాలంటే కౌంటీ కమిషనర్ల లైసెన్సు కావాలంది. పిస్తోలును తర్వాత చేర్చారు. 21 ఏళ్ల వయసు, ‘మంచి నడవడి’, 100 డాలర్ల బాండు ఉండాలి. కాగితం మీద అందరికీ ఒకటే నియమం. 1941లో వాట్సన్ వర్సెస్ స్టోన్ కేసులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి బ్యూఫోర్డ్ విడిగా రాసిన అభిప్రాయంలో గుట్టు విప్పాడు: టర్పెంటైన్, కలప క్యాంపులకు కూలికొచ్చిన నల్లవాళ్ల చేతుల్లో ఆయుధాలు లేకుండా చేయడానికే ఈ చట్టం వచ్చిందనీ, తెల్లవాళ్లకు వర్తింపజేసే ఉద్దేశం ఎన్నడూ లేదనీ. ఇది 48 ఏళ్ల తర్వాత ఒక్క న్యాయమూర్తి చెప్పిన మాట. దీన్నిబట్టి దేశం మొత్తాన్ని తూచలేం. దాచగల తుపాకీకి లైసెన్సు తప్పనిసరి చేసిన న్యూయార్క్ 1911 సలివాన్ చట్టం ఇటాలియన్ వలసదారుల మీద కక్షతోనే పుట్టిందన్న వాదన నాకు అంత బలంగా తోచదు. ఆ ఏడాదే నవలాకారుడు డేవిడ్ గ్రాహం ఫిలిప్స్‌ను నడివీధిలో కాల్చి చంపిన ఉదంతమూ దాని వెనకుంది. కానీ 1956లో మాంట్‌గమరీలో తన ఇంటి మీద బాంబు పడ్డాక మార్టిన్ లూథర్ కింగ్ లైసెన్సుకు దరఖాస్తు పెడితే ఇవ్వలేదు. ఆయనకు లేని కారణం ఇంకెవరికుంటుంది?

అర్హతలుంటే లైసెన్సు ఇచ్చి తీరాలన్న పద్ధతి వాషింగ్టన్ రాష్ట్రంలో 1961లోనే వచ్చినా, ఊపు ఫ్లోరిడా 1987 చట్టంతో వచ్చింది. 2022లో బ్రూయెన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు న్యూయార్క్ అడిగే ‘తగిన కారణం’ షరతును కొట్టేసింది. మంచిదే. అయితే ఇప్పుడు సగానికి పైగా రాష్ట్రాల్లో లైసెన్సే అక్కర్లేదు. 2023లో ఫ్లోరిడా కూడా ఆ వరసలో చేరింది. పెత్తనం తీసేయబోయి శిక్షణనూ తీసేశారు. న్యూయార్క్ మాత్రం 16 గంటల తరగతులు, 2 గంటల కాల్పుల శిక్షణ తప్పనిసరి చేసింది. అది మెచ్చుకోదగ్గదే, ‘మంచి నడవడి’ ఉందో లేదో తేల్చే పనిని మాత్రం ఇప్పటికీ లైసెన్సు అధికారికే వదిలింది.