చేపాకము క్రీడారంగ చరిత్రము

చెన్నపట్టణమున సముద్రతీరమునకు సమీపమున చేపాకమను ప్రదేశమునందొక క్రికెట్టు క్రీడారంగము గలదు. భారతదేశమున నేఁటికిని టెస్టుపోటీలు జరుగుచున్న రంగములలో ప్రాచీనతచే దీనికంటె ముందెన్నఁదగినది కలకత్తాలోని ఈడెన్ ఉద్యానమొక్కటియే. ఆటల చరిత్రము పండితుల కుపేక్షణీయమని తలఁచువారు గలరు గాని, ఒక స్థలమున నూటయేఁబదియేండ్లకుఁ బైగా ఎవరు ప్రవేశించిరో, ఎవరు వెలుపల నిలిచిరో తెలిసికొనుట దేశచరిత్రమునఁ జేరదనుట సాహసము.

మొదట పేరునుగూర్చి. ఉరుదూభాషలో 'ఛె' యనఁగా నాఱనియు, 'బాగ్' అనఁగా తోఁటయనియు, నవాబుగారి యాఱుతోఁటలవలన 'ఛేబాగు' చేపాకమయ్యెననియు జనులలో నొకవాడుక గలదు. ఇది విన నింపుగానున్నది గాని నమ్మఁదగియుండలేదు. నుంగంబాక్కము, కీళ్పాక్కము, మీనంబాక్కము మున్నగు సమీపగ్రామనామములలోని 'పాక్కము' అను ద్రావిడపదమే దీనియందును గానవచ్చుచున్నది. అఱవవారు నేఁటికిని 'చేప్పాక్కము' అనియే వ్రాయుదురు. ఆర్కాటు నవాబు 1768లో నిచ్చట హర్మ్యము గట్టించుకొనుటచే నాపేరు ప్రసిద్ధమైనది. 1855లో నవాబు గులాం గౌస్ ఖాను సంతానహీనుఁడై మరణింపఁగా కుంపిణీవారు నవాబు బిరుదమును గుర్తింపక హర్మ్యమును స్వాధీనము చేసికొనిరి. పదియేండ్లకు, అనఁగా 1865లో, మదరాసు క్రికెట్ క్లబ్బు చేపాకమున కాట నెలకొల్పుకొన్నది. ఈ క్లబ్బును 1846లో స్థాపించినవాఁడు అలెగ్జాండర్ ఆర్బత్‌నాట్ అను దొర.

ఆ క్లబ్బు తెల్లవారిది. దేశీయు లాడుటకు రావచ్చునేగాని పెవిలియనులోనికిఁ బోరాదు. మధ్యాహ్నభోజనవేళ దొరలు పెవిలియనున భుజించుచుండ, వారితో నంతవఱకు సమానముగా నాడిన దేశీయులు చెట్లక్రింద కూర్చుండవలసివచ్చెడిదని చెప్పుదురు. ఈ యవమానమును సహింపనివాఁడు మైలాపురమున లజ్ హౌసునందుండిన తెలుఁగుప్రభువు మోదవరపు వేంకటమహీపతినాయఁడు. లోకమున బుచ్చిబాబునాయఁడని వాడుక. ఆయన దొరలను యాచింపలేదు, వారితోఁ గలహింపను లేదు. 1888లో మదరాసు యునైటెడ్ క్లబ్బును దేశీయులకొఱకు స్థాపించి, యువకులకు బట్టలును బ్యాటులును తానే సమకూర్చి, చదువుకొను పిల్లలను జేరఁదీసి యాట నేర్పించెను. సమానబలము గల జట్టొకటి యేర్పడిన పిమ్మట దొరలకు దానితో నాడకతప్పలేదు. దేశీయులకును ఐరోపావారికిని నడుమ సాంవత్సరికమైన ప్రెసిడెన్సీ పోటీ యట్లు ప్రారంభమైనది. మొదటిపోటీకి 1908 డిసెంబరున దినములు నిర్ణయింపఁబడియుండఁగా, దానికిఁ గొలఁది దినములు ముందే బుచ్చిబాబు నలువదేండ్ల వయస్సున గతించెను. తాను నాటిన మొక్కకుఁ బువ్వు పూచుట నాతఁడు చూడలేదు. ఆయన కుమారుఁడు కోట రామస్వామి 1936లో ఇంగ్లండునకుఁ బోయి, మాంచెస్టరునఁ దన మొదటి టెస్టుపోటీయందు 40ని 60ని పరుగులు తీసెను.

1934వ సంవత్సర మీ రంగమునకు రెండు విధముల ముఖ్యమైనది. ఫిబ్రవరి 10వ తేదీన నిచ్చట మొదటి టెస్టుపోటీ యారంభమయ్యెను. ఇంగ్లండుజట్టునకు జార్డైనును, భారతజట్టునకు నాంధ్రవంశజుఁడగు కొట్టారి కనకయ్యనాయఁడును నాయకులు. అమర్‌సింగు 86 పరుగులిచ్చి 7 వికెట్లు తీసినను, వెరిటీ బంతులకు దేశీయులు నిలువలేక 202 పరుగుల తేడాతో నోడిరి. అదే సంవత్సరము నవంబరు 4వ తేదీన రంజీట్రోఫీయందలి మొట్టమొదటి పోటీ యీరంగముననే మదరాసు మైసూరుజట్లకు జరిగి యొక్క దినముననే ముగిసెను. మైసూరువారు 48, 59 పరుగులకు రెండుమారులు పడిపోఁగా, 130 పరుగులు తీసిన మదరాసుజట్టు ఇన్నింగ్సుమీఁద 23 పరుగులతో గెలిచెను. ఏ.జి. రాంసింగు 11 వికెట్లు తీసెను.

భారతజట్టునకు టెస్టులలో మొదటిజయ మిచ్చటనే లభించినది. ఇరువదియేండ్లలో నిరువదినాలుగు పోటీలాడి యొకటియు గెలువని జట్టు 1952 ఫిబ్రవరిలో నిరువదియైదవదానిని గెలిచెను. మొదటిదినమగు 6వ తేదీన ఆఱవ జార్జి చక్రవర్తి మరణవార్త రాఁగా, మఱునాఁ డాట విరమించిరి. వినూ మన్కడు 55 పరుగులకు 8, 53 పరుగులకు 4 వికెట్లు తీసెను. వికెట్టుకీపరు సేను పోటీమొత్తమున నైదుగురిని స్టంపుచేసెను. రెండవయిన్నింగ్సున హైదరాబాదువాఁడైన గులాం అహమ్మదు మఱి నాలుగింటిని గూల్చెను. పంకజ్ రాయి 111, ఉమ్రిగరు 130 తీయఁగా భారతజట్టు 457 పరుగులు చేసియుండుటచే, ఇన్నింగ్సుమీఁద 8 పరుగులతో 10వ తేదీన జయము చేకూరెను. ఐరోపావారితోడి ప్రెసిడెన్సీ పోటీయు 1951-52 ఋతువుతోనే కడతేఱినది.

ఇచ్చట నొక భ్రాంతిని దొలఁగింపవలసియున్నది. 1956లో మన్కడును పంకజ్ రాయియు న్యూజీలండుపై మొదటివికెట్టునకుఁ దీసిన 413 పరుగులు చేపాకముదని పలువురు వ్రాయుచున్నారు. పట్టికలలో 'మదరాసు' అనియుండుటయే యీపొరపాటునకుఁ గారణము. 1956 మొదలు 1965వఱకు మదరాసు టెస్టులు జరిగినది కార్పొరేషను రంగమున. తిరిగి చేపాకమునకు వచ్చినది 1967 జనవరిలో. కావున యేఁబదిరెండేండ్లు చెక్కుచెదరని యా 413 పరుగులు పట్టణమునకుఁ జెందినవే గాని చేపాకమునకుఁ గావు.

చేపాకమునకు సొంతమైనవి వేఱుగలవు. 1983లో గవాస్కరు వెస్టిండీసుపై 236 తీసి ముప్పదవ శతకముతో బ్రాడ్మనును దాఁటెను. 1986 సెప్టెంబరున ఆస్ట్రేలియాతో జరిగిన పోటీలో రెండుజట్ల మొత్తములును సరిగా 744 పరుగులే యయ్యెను. టెస్టు చరిత్రమున 'టై'గా ముగిసిన పోటీ 1960 బ్రిస్బేను పోటీ గాక యిదియొక్కటియే. 1988లో నరేంద్ర హిర్వానీ తన మొదటి టెస్టుననే 136 పరుగులకు 16 వికెట్లు తీసెను. 1972లో మాసీ 137 పరుగులకుఁ దీసిన 16 వికెట్లకంటె నిది యొక్క పరుగు మేలు. భారతీయులు టెస్టులలో మున్నూఱు తీసినవి మూఁడు మాత్రమే. వానిలో సెహ్వాగు 319 (2008), కరుణ్ నాయరు 303 (2016) ఈ నేలపైనివి. తరువాతికాలమున నీరంగమునకు ఎం.ఏ. చిదంబరముగారి పేరు పెట్టిరి. 2011 నాటికిఁ బ్రేక్షకాసనములు చాలవఱకు నూతనముగా నిర్మించిరి.

1999 జనవరిలోఁ బాకిస్థానుజట్టు 12 పరుగులతో గెలిచినపుడు, టెండూల్కరు తీసిన 136 పరుగులు వ్యర్థమయ్యెనన్న దుఃఖమునుండి తేఱుకొనకముందే, ప్రేక్షకులెల్లరు లేచి నిలిచి కరతాళధ్వనులతో నా విజేతలను గౌరవించిరి. ఆ జట్టు రంగము చుట్టును దిరిగి వారి మన్ననల నందుకొనెను.