మా కాళ్ల కింది గడ్డి

మా గల్లీలో ఒకప్పుడు హాకీ కర్ర లేని ఇల్లు లేదంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. ఈద్గా మైదాన్‌లో ఇటు రెండు రాళ్లు, అటు రెండు రాళ్లు. అవే గోల్ పోస్టులు. కర్ర చీలితే సుతిలి చుట్టి మళ్లీ ఆడేవాళ్లం. మట్టి నేల మీద బంతి ఎటు ఎగిరేదీ ఎవరికీ తెలియదు. అందుకే దాన్ని కర్రకు అతికించుకున్నట్టు పరుగెత్తడం నేర్చుకున్నాం. మణికట్టు తిప్పి ఎదుటివాణ్ణి ఏమార్చడం మాకు ఏ కోచ్ నేర్పాడు? ఆ గతుకుల నేలే నేర్పింది.

మా పెద్దవాళ్లు దాన్ని ధ్యాన్‌చంద్ ఆట అనేవారు. 1936 బెర్లిన్ ఫైనల్లో తడిసిన గడ్డి మీద ఆయన బూట్లు విప్పేసి ఆడాడని చెప్పేవారు. ఆ రోజు జర్మనీ 8-1తో ఓడింది. ఆ జట్టులోనే భోపాల్ అహ్మద్ షేర్ ఖాన్ కూడా ఉన్నాడు. ముప్ఫై తొమ్మిదేళ్ల తర్వాత, 1975 కౌలాలంపూర్ ప్రపంచ కప్ సెమీఫైనల్లో, మలేసియా చేతిలో ఓడిపోతున్నామనగా ఆయన కొడుకు అస్లం షేర్ ఖాన్ మైదానంలోకి దిగాడు. మెళ్లో తావీజ్‌ను ముద్దు పెట్టుకుని పెనాల్టీ కార్నర్‌ను గోల్ చేశాడు. ఫైనల్లో పాకిస్తాన్ మీద గెలుపు గోల్ ధ్యాన్‌చంద్ కొడుకు అశోక్ కుమార్‌ది. తండ్రులు ఆడిందీ గడ్డి మీదే, కొడుకులు గెలిచిందీ గడ్డి మీదే.

మరుసటి ఏడే కాళ్ల కింద నేల మారిపోయింది.

1976 మాంట్రియల్‌లో మొదటిసారి ఒలింపిక్ హాకీని ప్లాస్టిక్ గడ్డి మీద ఆడించారు. 1928 నుంచి ఒక్కసారీ పతకం లేకుండా తిరిగిరాని మన జట్టుకు ఏడో స్థానం దక్కింది. స్వర్ణం న్యూజిలాండ్‌కి పోయింది.

అసలు ఈ చాప హాకీ కోసం పుట్టిందే కాదు. అమెరికాలో హ్యూస్టన్ పట్నంలో పైకప్పున్న బేస్‌బాల్ స్టేడియం కట్టారు, పేరు ఆస్ట్రోడోమ్. కప్పు అద్దాల వెలుగు ఆటగాళ్ల కళ్లలో పడుతోందని రంగు పూస్తే, ఎండ తగలక లోపలి గడ్డి చచ్చిపోయింది. 1966లో మొన్సాంటో కంపెనీ తయారుచేసిన నైలాన్ గడ్డి తెచ్చి పరిచారు. స్టేడియం పేరే దానికి అంటుకుని ఆస్ట్రోటర్ఫ్ అయింది. ఎండ తగలని గడ్డికి చేసిన మందు, ఎండకు కొదవలేని మా దేశాల నెత్తిన వచ్చి పడింది.

చాప చదునుగా ఉంటుంది. బంతి గీత గీసినట్టు పోతుంది. దాంతో బంతిని దగ్గర పెట్టుకునేవాడి కంటే దూరంగా, గట్టిగా కొట్టేవాడికీ, ఆగకుండా పరుగెత్తేవాడికీ విలువ పెరిగింది. తొలినాటి నైలాన్ మీద పడితే చర్మం లేచిపోయేది. తర్వాత పోగుల మధ్య ఇసుక నింపిన రకం వచ్చింది. ఆపైన ఇసుక లేకుండా, అడుగున రబ్బరు మెత్త వేసి, ఆటకు ముందు నీళ్లతో తడిపే రకం వచ్చింది. పెద్ద పోటీలన్నీ దాని మీదికే పోయాయి.

ఇదంతా తెల్లవాళ్ల కుట్ర అనేవాళ్లు మాలో చాలామంది. మేమూ అన్నాం. కాని పాకిస్తాన్ ఆటా మన ఆటలాంటిదే కదా, వాళ్లు 1984 లాస్ ఏంజెలెస్‌లో అదే చాప మీద స్వర్ణం ఎలా గెలిచారు? బనారస్ మొహమ్మద్ షాహిద్ డ్రిబ్లింగ్‌ను ఏ టర్ఫ్ ఆపగలిగింది? 1980 మాస్కోలో మనకొచ్చిన స్వర్ణంలో అతని పాలూ ఉంది. (చాలా దేశాలు ఆ ఒలింపిక్స్‌ను బహిష్కరించాయన్నదీ దాచొద్దు.) చాప మా విద్యను చంపలేదు. చాప దాకా వెళ్లే దారినే మూసింది. ఐరోపాలో క్లబ్బు పిల్లలు టర్ఫ్ మీదే కర్ర పట్టడం నేర్చారు. ఇక్కడి పిల్లవాడు గడ్డి మీద పెరిగి, పెద్ద పోటీకి ఎంపికయ్యాకే దాన్ని చూసేవాడు.

మేం చూసింది 1996లో, పరాయి ఊళ్లో, ఒక టోర్నమెంటులో. మా స్పైక్ బూట్లు చూసి లోపలికి రానివ్వలేదు. అరువు బూట్లతో దిగాం. బంతి మా కర్రల ముందు నుంచి జారిపోతూనే ఉంది. మోకాళ్లు దోక్కుపోయాయి. మాకన్నిటికంటే మింగుడుపడనిది ఆ నీళ్లు. మైదానం నిడివి 91.4 మీటర్లు, వెడల్పు 55. ఒక్క మిల్లీమీటరు మందాన తడపాలన్నా ఐదు వేల లీటర్లు కావాలి. మా ఇంట్లో నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. గొట్టాలు నీళ్లు చిమ్ముతుంటే మేం ఆట మర్చిపోయి అటే చూశాం.

హైదరాబాద్‌లో 2002 జాతీయ క్రీడల నాటికి గచ్చిబౌలిలో టర్ఫ్ వచ్చింది. పాతబస్తీ పిల్లవాడు కర్ర భుజాన వేసుకుని రెండు బస్సులు మారి అంత దూరం రోజూ పోగలడా? ఆ లెక్క ఎవరూ వెయ్యలేదు. ఒడిశాలో సుందర్‌గఢ్ ఆదివాసీ పిల్లల ఊళ్ల దగ్గరికే టర్ఫ్ తీసుకుపోయారు. వెదురు కర్రలతో మొదలుపెట్టినవాళ్లు అక్కడి నుంచి దేశం జట్టులోకి వచ్చారు.

చాప మాత్రం మారుతూనే ఉంది. 2012 లండన్‌లో నీలం రంగు చాప వేశారు, మనం పన్నెండో స్థానంలో, అంటే అందరికంటే చివర నిలిచాం. 2021లో టోక్యో ఒలింపిక్స్‌కు నీళ్లు తక్కువ తాగే రకం, 2024 పారిస్‌లో ఎక్కువ పాలు చెరకు నుంచి తీసిన ప్లాస్టిక్‌తో చేసిన రకం. ఆ రెండు చోట్లా మనకు కాంస్యం వచ్చింది.

మా గల్లీ చివర కూడా ఇప్పుడు టర్ఫ్ ఉంది. వల కట్టి, లైట్లు పెట్టి, గంట లెక్కన అద్దెకిస్తున్నారు. పిల్లలు తలా ఇంత వేసుకుని బాక్స్ క్రికెట్ ఆడుతున్నారు. పాత కర్ర ఒకటి దులిపి తీసుకెళ్లి బంతిని తోసి చూశాం. పోగులు పొడుగు, నాలుగడుగులు పోయి ఆగిపోయింది. గేటు దగ్గరి కుర్రాడు వచ్చి, "చాచా, గంట బుక్ చేశారా?" అని అడిగాడు.