సభ, పంక్తి, మైదానం (మన చరిత్ర: 9వ భాగం)



ఏప్రిల్ వస్తోంది. 5న బాబూ జగ్జీవన్ రామ్ జయంతి, 11న ఫూలే జయంతి, 14న బాబాసాహెబ్ జయంతి. మన రెండు జిల్లాల క్యాంపస్‌లలో ఉపన్యాసాలు, సహపంక్తి భోజనాలు, ఆటల పోటీల హడావుడి మొదలవుతుంది. మొన్న కొందరు విద్యార్థులు ఫోన్ చేసి "అన్నా, ప్రోగ్రాం వేస్తన్నాం, ఏటి పెట్టమంటావు?" అని అడిగారు. వాళ్లకు ఫోన్‌లో చెప్పలేకపోయిన జవాబే ఈ భాగం.

సభ, పంక్తి, మైదానం. ఈ మూడింటిలో ఏదీ మనకు ఊరికే దక్కలేదు. ఒక్క 1936 సంవత్సరాన్ని తిరగేసి చూడండి.

ముందు సభ. లాహోర్‌లో జాత్-పాత్ తోడక్ మండల్ అని ఒక సంఘం ఉండేది. కులాన్ని తెంచాలని పెట్టుకున్న సంఘమే. 1936లో తమ వార్షిక సభకు అధ్యక్షుడిగా అంబేడ్కర్‌ను పిలిచింది. ఆయన ప్రసంగం ముందుగానే రాసి పంపారు. చదివాక వాళ్లకు గుబులు పుట్టింది. వేదశాస్త్రాల మీద ఉన్న మాటలు తీసేయమన్నారు. కామా కూడా మార్చనన్నారాయన. సభ రద్దయింది. ఆయన సొంత డబ్బుతో 1,500 కాపీలు అచ్చువేయించి జనంలోకి వదిలారు. అదే 'కులనిర్మూలన'. మనం ఇన్నిసార్లు చదివి, ఇన్ని సభల్లో చెప్పుకునే ఆ ఉపన్యాసం అసలు ఏ సభలోనూ జరగలేదు. గమనించండి, ఆపినవాళ్లు సనాతనులు కాదు, సంస్కర్తలు. మైకు ఇచ్చేవాడే మాట కూడా కత్తిరిస్తానంటాడు.

ఇక పంక్తి. ఆ పుస్తకంలోనే బాబాసాహెబ్ ఒక చేదు మాట చెప్పారు. కలిసి తిన్నంత మాత్రాన కులం పోదు, కులాంతర వివాహాలు జరగాలి, వాటిని అడ్డుకునే శాస్త్రాల పవిత్రతను కూల్చాలి అని. మన విజయనగరంలో గురజాడ అంతకు ముందే 'లవణరాజు కల' రాశారు. అందులో రాజు మాల పిల్లను పెళ్లాడేది కలలో. ఆ రోజుల్లో కలగనడానికీ గుండె కావాలి, కాదనను. కానీ ఇన్నేళ్ల తర్వాత కూడా మనం ఏడాదికి ఒక పూట అరటాకు దగ్గరే ఆగిపోతే ఎలా? ఆ పూట వండినవాళ్లు, ఎంగిలాకులు ఎత్తినవాళ్లు పంక్తిలో ఎక్కడ కూర్చున్నారో ఫొటోల్లో వెతకండి.

ఇక మైదానం. అదే 1936 వేసవిలో భారత క్రికెట్ జట్టు ఇంగ్లండ్ వెళ్లింది. కెప్టెన్ మన విజయనగరం రాజకుమారుడు, 'విజ్జీ'గా పేరుపడ్డ విజయానంద గజపతి రాజు. మూడు టెస్టులు, ఆరు ఇన్నింగ్స్, మొత్తం 33 పరుగులు. జట్టులో మేటి ఆటగాడు లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో మధ్యలోనే ఇంటికి పంపేశారు. కెప్టెన్‌కు మాత్రం 'సర్' బిరుదు వచ్చింది.

ఇప్పుడు ఇంకొక పేరు చెప్తాను. పల్వంకర్ బాలూ. చమార్ కులంలో పుట్టినవాడు. పూనాలో క్రికెట్ క్లబ్బుల్లో పిచ్ చదును చేస్తూ, దొరలకు నెట్స్‌లో బంతులు వేస్తూ ఎడమచేతి స్పిన్ నేర్చాడు. హిందూ జట్టుకు ఆడుతున్నప్పుడు కూడా, టీ వేళకు పెవిలియన్ బయట మట్టి ముంతలో టీ పోసేవారు. అతను వేసిన బంతిని పట్టుకోవడానికి అంటు లేదు, తాగిన కప్పుకు మాత్రం ఉంది. 1911లో ఇంగ్లండ్ టూరులో 114 వికెట్లు తీశాడు. అయినా హిందూ జట్టుకు ఎన్నడూ కెప్టెన్ కాలేదు. కొట్లాడితే చివరకు 1923లో అతని తమ్ముడు విఠల్‌కు ఆ కుర్చీ దక్కింది. 1937 ఎన్నికల్లో బొంబాయిలో కాంగ్రెస్ ఇదే బాలూను అంబేడ్కర్ మీద నిలబెట్టింది. అంబేడ్కర్ గెలిచారు. కెప్టెన్సీకి పనికిరాని దళితుడు, ఇంకో దళితుడి మీద పోటీకి మాత్రం పనికొచ్చాడు!

నేను చదివిన కాలేజీలోనూ వాలీబాల్ కోర్టుకు సున్నం గీతలు గీసింది మా హాస్టల్ కుర్రాళ్లమే. జట్టు పేర్లు చదివిన రోజున మాలో ఒక్కడి పేరూ లేదు. బాలూ కథ మొదటిసారి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ సున్నం బకెట్టే.

మన నేల మీద సత్తువకు కొదవ లేదు. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారత మహిళ అయింది. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ బరువులెత్తే ఊరుగా పేరు తెచ్చుకుంది. ఇనుప బార్ ఎవరి కులమూ అడగదు. జట్టును ఎంచే చోటే ఆ ప్రశ్న వస్తుంది.

చివరగా ఒక తేదీ. ఎచ్చెర్లలో బాబాసాహెబ్ పేరుతో 2008లో యూనివర్సిటీ వచ్చింది. నాలుగేళ్లకు, 2012 జూన్ 12న, అప్పట్లో అదే జిల్లాలో ఉన్న వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితులను చంపారు. మడ్డువలస ప్రాజెక్టుకు సేకరించగా మునగకుండా మిగిలిన భూమిని సాగు చేసుకోవడమే వాళ్ల నేరం. పేరు పెట్టడం తేలిక. నేల ఇవ్వడం దగ్గరే కత్తులు లేస్తాయి.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ప్రోగ్రాంకు నా జవాబు ఇది. వక్తను, అంశాన్ని మీరే ఎంచుకోండి, ప్రసంగం కత్తిరిస్తామంటే అచ్చువేసి పంచండి. భోజనంలో వండినవాళ్లను, ఊడ్చేవాళ్లను ముందు కూర్చోబెట్టి మీరు వడ్డించండి. జట్ల ఎంపిక అందరి ముందూ, మైదానంలోనే జరగాలని అడగండి. ఏప్రిల్ 14తో ఆపకండి, జూన్ 12న లక్ష్మీపేట మీద ఒక సభ పెట్టండి. సెలవులని హాలు ఇవ్వకపోతే చెట్టు కింద పెట్టండి, నేను వస్తాను.

వచ్చే భాగంలో లక్ష్మీపేట భూమి గురించి.

జై భీమ్.