పుస్తకం పోతే పూచీ ఎవరిది? ఊరు దాటి అరువు వెళ్ళిన పుస్తకాల చరిత్ర

ఈ ఎపిసోడ్‌ని ఒక రాజుగారి అప్పుతో మొదలుపెడదాం. డబ్బు అప్పు కాదు, పుస్తకం అప్పు.

1471వ సంవత్సరం. ఫ్రాన్స్‌ని పదకొండో లూయీ ఏలుతున్నాడు. ఆయనకి పర్షియా వైద్యుడు అల్ రాజీ రాసిన వైద్య గ్రంథం కావలసి వచ్చింది. దాని లాటిన్ ప్రతి పారిస్‌లో వైద్య అధ్యాపకుల మండలి దగ్గర ఉంది. నకలు రాయించుకుని తిరిగి ఇచ్చేస్తానని రాజు కబురు పెట్టాడు. దేశమంతా ఆయనదే కదా, ఎవరు కాదంటారు అనుకుంటాం. వాళ్ళు కాదనలేదు, కానీ ఊరికే ఇవ్వనూ లేదు. వెండి సామాను తాకట్టు పెట్టమన్నారు. అదీ చాలక ఇంకొకరి చేత పూచీకత్తు కూడా ఇప్పించుకున్నారు. అప్పుడు గానీ పుస్తకం గడప దాటలేదు.

ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ నవ్వుతారు. నాకు మాత్రం ఆ అధ్యాపకుల మీద గౌరవమే కలుగుతుంది. రాజైనా సరే వాళ్ళ లెక్కలో బయటి మనిషే. వాళ్ళలో ఒకడైతే వాళ్ళ కట్టుబాట్లకి లోబడి ఉంటాడు, తప్పు చేస్తే అడగొచ్చు. బయటివాణ్ణి ఏమని అడుగుతారు? అందులోనూ రాజుని! పరాయి చేతికి వెళ్ళిన పుస్తకం గురించి మన పెద్దలు చెప్పే శ్లోకం మీ అందరికీ తెలిసిందే, మళ్ళీ చదవక్కర్లేదు.

మనం ఇవాళ ఇంటర్ లైబ్రరీ లోన్ అంటున్నదానికి, అంటే ఒక లైబ్రరీ ఇంకో లైబ్రరీకి పుస్తకం అరువివ్వడానికి, అసలు చిక్కు ఇదే. పుస్తకం ఎక్కడుందో కనుక్కోవడం కష్టమే, ఒప్పుకుంటాను. కానీ అంతకంటే కష్టం, మన ఏర్పాటులో లేనివాడికి, మనకి ముక్కూ మొహం తెలియనివాడికి దాన్ని ఏ ధైర్యంతో ఇవ్వాలన్నది.

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. 9వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని ఫెరియేర్ మఠానికి లూపస్ అని ఒక మఠాధిపతి ఉండేవాడు. ఆయన ఉత్తరాలు ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. వాటిలో చాలా చోట్ల ఒకటే గోల: ఫలానా పుస్తకం పంపండి, నకలు రాయించుకుని పంపించేస్తాను. తన దగ్గర ఉన్న పుస్తకానికే ఇంకో ప్రతి కావాలని అడిగేవాడు, రెండూ పక్కపక్కన పెట్టుకుని తప్పులు దిద్దుకోవడానికి. ఇంగ్లండ్‌లోని యార్క్ మఠానికి రాశాడు. రోమ్‌లో పోప్‌కి కూడా రాశాడు, సిసిరో పుస్తకం కావాలని.

ఇంత అడిగిన మనిషి, తనని అడిగితే ఏం చేశాడు? రైమ్స్ నగరంలో హింక్‌మార్ అని ఆర్చిబిషప్, లూపస్‌కి బాగా తెలిసినవాడే. ఆయన కోసం ఒక పెద్ద గ్రంథం పంపాలి. పంపలేదు. కారణం ఏం రాశాడంటే, పుస్తకం చాలా పెద్దది, అంగీలో దాచుకోవడానికీ వీల్లేదు, సంచిలోనూ పట్టదు. దారిలో దొంగల కంట పడితే దాని అందం చూసి వదలరు. కలిసినప్పుడు చేతికే ఇస్తానన్నాడు. చూడండి, ఇక్కడ అపనమ్మకం హింక్‌మార్ మీద కాదు, దారి మీద. ఇచ్చేవాడు మంచివాడే, పుచ్చుకునేవాడూ మంచివాడే, మధ్యలో ఉన్న అడవి మంచిది కాదు. ఆ అడవిలో పుస్తకం పోతే ఎవరు బాధ్యులు?

జవాబు దొరక్క చాలామంది అసలు ఇవ్వడమే మానేశారు. పుస్తకాలు బయటికి ఇవ్వమని ఒట్లు వేసుకున్న మఠాలున్నాయి. 1212లో పారిస్‌లో జరిగిన చర్చి సభ అలాంటి ఒట్లు చెల్లవని చెప్పాల్సి వచ్చింది. పుస్తకం అరువివ్వడం కూడా దయతో చేసే పుణ్యకార్యాల్లో ఒకటే అని ఆ సభ తీర్మానం. పుణ్యం సంగతి సరే, పూచీ సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇక అమెరికాకి రండి. 1876. మసాచుసెట్స్ రాష్ట్రంలో వూస్టర్ పట్టణ లైబ్రరీ నడుపుతున్న శామ్యూల్ గ్రీన్ అనే ఆయన, అదే ఏడాది మొదలైన లైబ్రరీ జర్నల్ పత్రికకి ఒక ఉత్తరం రాశాడు. లైబ్రరీలు కొద్ది రోజుల కోసం ఒకదానికొకటి పుస్తకాలు ఇచ్చుకునేలా ఒప్పందం చేసుకుంటే బాగుంటుంది కదా అని. ఇప్పుడు మనకి మామూలు మాటలా ఉంటుంది. అప్పట్లో చిన్న ఊరి పాఠకుడికి అది పెద్ద మాట. వాళ్ళ ఊళ్ళో లేని పుస్తకం కావాలంటే రైలెక్కి వెళ్ళాలి, లేదా ఆశ వదులుకోవాలి.

ఒప్పందం కాగితం మీదికి రావడానికి మరో 40 ఏళ్ళు పట్టింది. 1917లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ మొదటి నియమావళి తయారు చేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు మార్చి రాశారో! నేటి నియమావళిలో ఒక మాట మాత్రం లూపస్‌కి చూపించాలనిపిస్తుంది. పుస్తకం ఇచ్చిన లైబ్రరీ తలుపు దాటిన క్షణం నుంచి, తిరిగి ఆ లైబ్రరీ చేతికి చేరే దాకా, బాధ్యత అడిగిన లైబ్రరీదే. వెళ్ళే దారిలో పోయినా, వచ్చే దారిలో పోయినా, పోస్టువాడు పారేసినా సరే. పాఠకుడు కూడా కాదు, అతని తరఫున అడిగిన లైబ్రరీ. అడవి మొత్తం అడిగినవాడి ఖాతాలో వేశారన్నమాట.

ఆ తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. 1967లో ఒహాయో రాష్ట్రంలోని కాలేజీలు కలిసి పెట్టుకున్న ఓసీఎల్‌సీ, 1979లో అరువుల పని కూడా తెర మీదికి తెచ్చింది. పుస్తకం ఉన్న లైబ్రరీల పేర్లు వరుసగా ఇస్తే చాలు. మొదటివాళ్ళు కాదంటే అభ్యర్థన దానంతటదే రెండోవాళ్ళకి వెళ్తుంది. మన దేశంలో 1988లో ఢిల్లీలో మొదలైన డెల్‌నెట్ కూడా ఈ కోవలోదే. గుంపులో ఉన్నవాళ్ళకి హాయి.

గుంపులో లేనివాళ్ళ సంగతేంటి? వాళ్ళ అభ్యర్థన ఉత్తరంగానో ఈమెయిల్‌గానో వస్తుంది. ఎవరో ఒక ఉద్యోగి కూర్చుని అన్నీ చేత్తో చేయాలి. అడిగింది నిజంగా లైబ్రరీయేనా? ఏ షరతు మీద ఇవ్వాలి? తిరిగి ఏ చిరునామాకి పంపాలి? సరిహద్దు దాటే పార్సిల్ అయితే, ఇది అమ్మకానికి కాదు, అరువుకు వెళ్తోందని పైన రాయాలి, లేకపోతే కస్టమ్స్‌లో పన్ను అడగొచ్చు. గుంపు లోపల నిమిషంలో అయ్యే పనికి ఇక్కడ పూట పడుతుంది. అందుకే, బయటివాళ్ళకి ఇవ్వం అని ఒక్క ముక్కలో తేల్చేసే లైబ్రరీలు ఉంటాయి. వాళ్ళని నేను తప్పుపట్టను. కానీ ఆ ఒక్క ముక్క వల్ల నష్టపోయేది మాత్రం, ఏ గుంపులోనూ చేరే స్తోమత లేని చిన్న లైబ్రరీ పాఠకుడే.

ఇంకో చిక్కు డబ్బు. ఇది చిల్లర విషయంలా కనిపిస్తుంది గానీ, చరిత్రలో చాలా అభ్యర్థనలు ఆగింది చిల్లర దగ్గరే. వేరే దేశపు లైబ్రరీకి ఎనిమిది డాలర్లు పంపాలంటే బ్యాంకు కమిషనే అంతకి మించిపోతుంది. బ్రిటన్‌లో దీనికి ఒక మందు కనిపెట్టారు. యార్క్‌షైర్‌లో బోస్టన్ స్పా దగ్గర, రెండో ప్రపంచ యుద్ధంలో మందుగుండు ఫ్యాక్టరీగా ఉన్న స్థలంలో, డొనాల్డ్ అర్కర్ట్ అనే ఆయన 1960ల మొదట్లో కేవలం అరువిచ్చేందుకే ఒక లైబ్రరీ కట్టించాడు. అక్కడ ముందే డబ్బు కట్టి ఫారాలు కొనుక్కోవాల్సి ఉండేది. ఒక ఫారం, ఒక అభ్యర్థన. బిల్లు లేదు, బాకీ లేదు. మన పాత హోటళ్ళలో టోకెన్ తీసుకుని కాఫీ తాగినట్టు.

ఆ టోకెన్‌ని ప్రపంచమంతా చెల్లేలా చేసింది ఇఫ్లా, అంటే లైబ్రరీ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య. దేశాల మధ్య అరువుకి నియమాలు వాళ్ళు 1954లోనే ఒప్పుకున్నారు. 1995లో వోచర్ తెచ్చారు. చిన్న ప్లాస్టిక్ కార్డు. ఇఫ్లా దగ్గర కొనుక్కుని, పుస్తకం ఇచ్చిన లైబ్రరీకి పోస్టులో పంపేవాళ్ళు. తీసుకున్నవాళ్ళు దాన్ని తమ తర్వాతి అరువుకి ఇంకొకరికి పంపుకునేవాళ్ళు, లేదా ఇఫ్లాకే తిరిగిచ్చి డబ్బు తీసుకునేవాళ్ళు. గడువు తేదీ ఉండేది కాదు. పూర్తి వోచర్ 8 యూరోలు, సగం వోచర్ 4 ఉండేది. ఏ దేశపు డబ్బూ కాదు, ఏ బ్యాంకూ మధ్యలో లేదు. రాజుగారి వెండి సామాను చేసిన పనిలో ఒక భాగం ఈ ప్లాస్టిక్ ముక్క చేసింది. రెండో భాగం, అంటే పుస్తకం పోతే పూచీ, నియమావళి చేసింది.

ఇందులో మన తెలుగువాళ్ళ ముచ్చట ఒకటుంది. అమెరికా మనకి గోధుమలు అమ్మి, వాటి బాకీ రూపాయల్లో జమ చేసుకునేది. ఆ పీఎల్ 480 రూపాయలతో 1962 నుంచి భారతీయ భాషల పుస్తకాలు కొని తమ విశ్వవిద్యాలయాల లైబ్రరీలకి పంపేవాళ్ళు. వాటిలో తెలుగు పుస్తకాలూ వెళ్ళాయి. మన ఊళ్ళలో చెదపట్టి పోయినవి అక్కడి అల్మారాల్లో ఉన్నాయి. ఇవాళ అమెరికాలో ఏ చిన్న ఊళ్ళోనో ఉన్న తెలుగు మనిషి, ఎక్కడో పెద్ద విశ్వవిద్యాలయంలో ఉన్న పాత తెలుగు నవలని తన పేట లైబ్రరీ కౌంటర్ దగ్గర అడగొచ్చు. రెండు లైబ్రరీలకీ పరిచయం లేకపోవచ్చు. కౌంటర్‌లో కూర్చున్నావిడకి తెలుగు అక్షరం రాదు. అయినా పుస్తకం వస్తుంది.

కానీ కొత్త తాళం ఒకటి పడింది. ఈ-పుస్తకాల్ని లైబ్రరీ చాలావరకు కొనదు, లైసెన్సు తీసుకుంటుంది. వేరే లైబ్రరీకి పుస్తకం మొత్తం అరువివ్వకూడదని ఆ లైసెన్సుల్లో చాలావాటిలో ఉంటుంది. ఇవ్వడానికి లైబ్రరీ సిద్ధమే, పూచీ పడడానికి అడిగినవాళ్ళూ సిద్ధమే, దారిలో దొంగలూ లేరు. అయినా కుదరదు, ఎందుకంటే అది ఇచ్చేవాళ్ళ సొంతం కాదు.

అచ్చు పుస్తకం మాత్రం ఇంకా ప్రయాణం చేస్తూనే ఉంది. 1960ల నాటి మన తెలుగు పుస్తకాల కాగితం పెళుసెక్కిపోయింది కాబట్టి, కొన్నింటిని ఇంటికి ఇవ్వరు. అట్ట చుట్టూ ఒక కాగితపు పట్టీ వేసి పంపుతారు, లైబ్రరీలోనే కూర్చుని చదవాలి అని దాని మీద రాసి ఉంటుంది. ఎప్పుడైనా మీ చేతికి అలాంటిది వస్తే ఆ పట్టీ మాత్రం తీసేయకండి. తిరిగి వెళ్ళేటప్పుడు అది లేకపోతే, మీ లైబ్రరియన్ అవతలివాళ్ళకి సంజాయిషీ రాసుకోవాలి.